ఏడో గుండు

నాయన పోయి నలభై దినాలయినాక
గుంతకల్లు స్టేషన్ రోడ్డులో
హుస్సేనప్ప తుపాకుల అంగడి షట్టరెత్తినా.
లైసెన్సు వాపసు చేయల్ల, లెక్క అప్పజెప్పల్ల.
చేన్ల మీద పందులు పడతాయని కొన్న జంటగొట్టాలు నాలుగు,
బ్యాంకు కాపలాదారుది ఒకటి,
బయానా ఇచ్చి మళ్ళీ రానోళ్ళవి రెండు.
అన్నిటికీ పేరుంది, ఊరుంది, రసీదుంది.

ఒక్కదానికి లేదు.
బిస్కెట్ల డబ్బాలో, నూనెగుడ్డలో,
జానెడుకు మించిన గొట్టంతో ఒక రివాల్వర్.
పిడి అడుగున గీసిన రెండక్షరాలు: ఐ.పి.
రిజిస్టర్లో దాని పేజీ చెదలకు పోయింది.
ఎవరిది, ఎప్పుడు, ఏంటికి?
మూడు గడుల్లోనూ మట్టి.

స్టేషన్లో రైటర్ తిప్పి చూసి నవ్వినాడు.
"ఐ.పి. అంటే ఎవడో ఐపీ పెట్టినోడిది లేమ్మా.
ఇంతకీ ఎంతమందిని తినింది ఇది?"
ఈ సీమలో తుపాకిని మొదట అడిగేది అదే,
ఆవును బేరమాడేటప్పుడు
ఎన్ని ఈతలని అడిగినట్టు.

రాత్రి పిడి చెక్కలు విప్పినా.
నాయన చెప్పేవాడు:
కొట్లాటకు చేసినదానికి గుర్రం బిర్రుగా ఉంటాది,
భయంతో వణికే వేలును కూడా ఆపల్ల కాబట్టి.
దీని గుర్రం
నిద్రపోయే బిడ్డ పిడికిలి మాదిరి,
తాకితే విచ్చుకుంటాది.
వెనక గురికి ఒక చిన్న మర,
గాలివాటం దిద్దుకోను.
ముందర గురి ఎంత ఎత్తంటే
జేబులో పెట్టుకుంటే జేబు చించుకొని వస్తాది.
దాచుకునేదానికి కాదు,
నలుగురి ముందర నిలబడేదానికి చేసినారు.

నంబరు రాసి సముద్రం అవతలికి ఉత్తరమేసినా.
నాలుగు నెలలకు నాలుగు వరుసల జవాబు:
ముప్పైనాలుగులో, మూడింటిలో ఒకటి, మద్రాసుకు.
మద్రాసులో ఆ కొట్టు ఉన్నచోట
ఇప్పుడు చెప్పులమ్ముతున్నారు.
ఫోనెత్తిన పిల్లోడు పాపం
సైజెంత మేడమ్ అన్నాడు.

రైల్వే ఇన్‌స్టిట్యూట్ వాచ్‌మన్ గిడ్డయ్య
బిలియర్డ్స్ గదిలో బూజు దులుపుతా
"దొరసాని ఒకామె కాల్చేది, మా తాత చెప్పినాడు" అన్నాడు.
ఆ ఒక్క మాట పట్టుకొని
పాత క్వార్టర్ల వెంబడి తలుపులు తట్టుకుంటా పోతే
చివరి ఇంట్లో థెల్మా పెరేరా,
ఎనభై ఎనిమిదేండ్లు, రెండు పిల్లులు.
నా చేతిలోది చూడకనే
"ఐవీ ఆంటీది" అనింది.

ఐవీ పెరేరా. తంతి ఆఫీసు.
పగలంతా చుక్కా గీతా కొట్టిన వేలు
ఆదివారాలు దీని మీద.
థెల్మా ప్రార్థనపుస్తకం లోపలినుంచి
స్కోరు కాగితం తీసింది, అంచులు టీ రంగు.
పది పది తొమ్మిది పది పది
తొమ్మిది
రెండు
పది పది పది.
ఆ రెండు పక్కన పెన్సిలుతో
ఒకే మాట: మెయిల్.

ఏడో గుండుకు ఊపిరి బిగబట్టినప్పుడు
బొంబాయి మెయిల్ కూసింది.
అంతే.
దీని మొత్తం నేరచరిత్ర అదే.
కాగితాన్ని తప్ప దేన్నీ తినలేదు,
తప్పిపోయింది కూడా రైలు కూతకే.

మర్నాడు రైటర్‌కు చెప్పినా.
ఆయన ముఖం చిన్నబోయింది,
చూలుదని కొన్నది గొడ్డుదైనట్టు.

మూడు గడులూ నింపినా.
ఎవరిది: ఐవీ పెరేరా.
ఎప్పుడు: కోలారు పొయ్యొస్తానని అంగట్లో పెట్టిపోయిన ఏడు,
థెల్మాకు గుర్తున్నంత మటుకు.
ఏంటికి: గురికి.

డబ్బా మూత మూయబోతే
లోపలివైపు నాయన చేతిరాత.
"నూనె పెట్టినా", తేదీ.
"నూనె పెట్టినా", తేదీ.
ముప్పైఒక్కసార్లు. కిరాయి రాసుకోలేదు.
ఆమె రాదని తెలిసి పెట్టినాడో
తెలియక పెట్టినాడో
ఏ ఉత్తరం రాయల్ల, ఎవరికి?

గుడ్డ తడిపినా.
మూత మీద ఇంకా కొంచెం చోటుంది.