మూడేళ్ళ పదవి

కువైట్, మహబూలాలో నాలుగో అంతస్తు,
ఆరు మంచాల గది.
శుక్రవారం పదింటికి
రవాణా అధ్యయన మండలి సమావేశం.
కింది మంచం కార్యవర్గం, పై మంచాలు ఉపసంఘాలు.

నిబంధనావళి పెంచలయ్య రాశాడు:
అధ్యక్షుడికి మూడేళ్ళ పదవి, జీతం లేదు.
వీసాకేమో రెండేళ్ళే.
ఇప్పటిదాకా ఎవరూ పదవి పూర్తిచేయలేదు.

పాదచారుల సంఘం మస్తాన్‌బీ ఒక్కతే.
ఆమెకు శుక్రవారాలు లేవు.
చెత్త పారేయడానికి కిందికొచ్చినప్పుడు
స్టాపులో నిలబడ్డవాళ్ళను లెక్కపెట్టి
వాయిస్ మెసేజీలో గుసగుసగా చెబుతుంది:
"పదకొండు మంది. నీడ లేదు."
మా నివేదికలో మొదటి వాక్యం అదే.

ఎండల సంఘం, ఆలస్యాల సంఘం,
బస్సులో నిద్రపోయి స్టాపు దాటినవాళ్ళ సంఘం.
దీనికి సభ్యులెక్కువ.

ఇదంతా ఎవరికిస్తామని గంగులప్ప అడిగాడు.
కుక్కర్ ఈల వేసింది.
మినిట్స్‌లో ఈల మాత్రమే రాశాను.

నిన్న పెంచలయ్యకు ఎగ్జిట్ పడింది.
ఎయిర్‌పోర్టు దారిలో
టాక్సీ కిటికీలోంచి చూసి ఫోన్ చేశాడు:
"మన క్యాంపు బస్సు పద్దెనిమిది నిమిషాలు లేటబ్బీ,
రాసుకో."

రాసుకున్నాను.
పరుపు చుట్టుకుని
కింది మంచానికి దిగాను.