నాలుగు గంటల రేవు

లాంచీ సోమశిలలో ఆగింది.
"మూడున్నరకు హారన్ కొడతం.
రానోళ్ల కోసం కృష్ణ ఆగదు" అన్నాడు సరంగు.
తోటివాళ్లు చేపల వేపుడు పొగ వైపు నడిచారు.
నేను ఖాజామియా ఆటో ఎక్కాను.

"పాత ఊరు చూపిస్తవా?"
"ఏం పాత ఊరు సార్,
దాని మీదికెల్లే వచ్చిన్రు గదా."

వెనక్కి చూశాను.
నీళ్లు ఏమీ ఎరగనట్టు ఉన్నాయి.

గట్టు మీద గుడి. కింద విప్పి, పైన కట్టింది.
రాయి రాయికీ తెల్లరంగుతో ఒక అంకె.
ద్వారపాలకుడి మోకాలు నూట పన్నెండు.
గజలక్ష్మి ఏనుగొకటి నూట తొంభై,
రెండో ఏనుగు అంకె వానలకు పోయింది.
ఎవరిదో శాసనం, సగం అక్షరాలు
గోడలోకి తిరిగి ఉన్నాయి.

గుడి నీడన సీతాఫలాలమ్మే ఈదమ్మ
పండు విప్పి నా చేతిలో పెట్టి
ఊరంతా చూపించింది, వేలితో, నీళ్ల మీద:

"గా లాంచీ ఆగింది సూడు, గది కోటగుమ్మం.
తలుపులకు ఇనుప మొలలు, ఏనుగులు గుద్దకుండ.
గాడికెల్లి సాలోళ్ల గల్లీ.
మగ్గాల సప్పుడుకే మా సిన్నాయినకు నిద్ర.
కొత్త కాలనీల సప్పుడు లేక
నిద్ర పట్టకనే సచ్చిండు.
వలకట్టె మీద కొంగ ఉన్నది సూడు, గది మా పొయ్యి."

కొంగ లేచిపోయింది.
ఆమె వేలు అక్కడే ఉంది.

"ఎండకాలం రా సారూ. బురుజు లేస్తది.
గోడలు మోకాళ్ల దాక తేల్తయి.
మేం పోయి మా ఇంట్ల కూసోని
సద్ది తిని వస్తం."

మరి నీదేడ నౌకరి అని అడిగింది.
"మహబూబ్‌నగర్ల. ఎప్పుడో. గీతలు గీసే పని."
"ఏం గీతలు?"
"నీలంరంగువి."
ఆమెకది చాలింది. కొంగుముడిలో చిల్లర వెతుక్కుంది.

ఎనిమిది వందల ఎనభై ఐదు అడుగులు.
గుడ్డకాగితం మీద, ఊపిరి బిగబట్టి,
చెయ్యి వణక్కుండా గీసిన గీత.
ఎంత సాఫుగా వచ్చిందోయ్ అని
పెద్ద ఇంజనీరు ఆ పూట చాయ్ తాగించాడు.
ఇప్పుడది గట్టు మెట్ల మీద
నాచు అంచై ఉంది.
నేను గీసినంత సాఫుగా లేదు.

హారన్ మోగింది.
కోటగుమ్మం మీదుగా లాంచీ మళ్లింది.
నోట్లో సీతాఫలం గింజలు.
నీళ్లలోకి ఊయబోయి
ఆగాను.
కింద ఎవరి వాకిలో.