ఐదో తప్పు

వారాసిగూడలో మా స్టూడియో షట్టరు దించాక
లైట్లన్నీ ఆర్పినా ఒకటి ఆరదు.
బీరువా మీద, విరిగిన ట్రైపాడ్ల పక్కన
సీటీసీలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న డబ్బా.
దాని నుదుట ఆకుపచ్చ చుక్క.

అందులో పందొమ్మిదేళ్ల మొహాలున్నాయి.
పాస్‌పోర్ట్ సైజు, స్టాంప్ సైజు,
తెల్ల బ్యాక్‌గ్రౌండు, నీలం బ్యాక్‌గ్రౌండు,
నవ్వొద్దన్నామని బిగబట్టుకున్న పెదాలు.
ఎవరైనా పోయినప్పుడు ఇంటివాళ్లు పరుగున వస్తారు,
"మీ దగ్గరుంటదంట కద సార్, జర పెద్దగ చేసియ్యుండ్రి."
ఉంటుంది. అందుకే ఆ డబ్బా.

రాత్రంతా దాని తలుపు ఎవరో తడుతూనే ఉంటారు.
రూట్ అంటారు. అడ్మిన్ అంటారు. టెస్ట్ అంటారు.
ఒకడు నిమిషానికి నలభైసార్లు ఒరాకిల్ అన్నాడు.
ఏ దేశం వాళ్లో, అసలు మనుషులేనో కాదో,
మా సులోచనమ్మగారి పెన్షన్ ఫోటోతో వాళ్లకేం పని?
తాళంచెవుల గుత్తి పట్టుకుని వీధి పొడుగునా
ఒక్కో గొళ్లెం కదిపి చూసుకుంటూ పోయే రకం.

కాపలా పెట్టింది భిక్షపతి.
పార్సీగుట్ట పిల్లోడు. కెమెరా పట్టమంటే
కేబుళ్లు పట్టుకున్నాడు.
వీడియోలు చూసి, రెండుసార్లు అంతా చెడగొట్టి, ఓ ఆదివారం
నల్లటి తెర మీద నాలుగు లైన్లు రాసి చూపించాడు.
"అయిదుసార్లు తప్పు చెప్తే సార్,
గంటసేపు వానికి మన గల్లీయే కనవడదు."
"పాపం, నిజంగ మర్చిపోయినోడైతే?"
"మనోడైతే గంట ఆగుతడు సార్."

పోయిన దసరా ముందు వాడికీ నాకూ మాటామాటా వచ్చింది.
బోనసు దగ్గర మొదలై లెన్సు మీదికి పోయింది.
ఏడువేల లెన్సు. కనపడలేదు.
దొంగ అనలేదు నేను. "మరెవరు తీస్తరు" అన్నాను.
రెండూ ఒకటేనని తెలిసే అన్నాను.
షట్టరు తాళంచెవి కౌంటరు మీద పెట్టి వెళ్లిపోయాడు.
ఆ రాత్రే వాడి పాస్‌వర్డ్ మార్చేశాను.

లెన్సు మార్చిలో దొరికింది, లైటు గొడుగుల సంచిలో.
నేనే పెట్టి ఉంటాను.
అప్పుడు ఫోన్ చేయలేదు.

మొన్న లాగ్ చూస్తుంటే, ఆ రూట్‌ల గుంపులో
ఒక పేరు. భిక్షు.
రాత్రి తొమ్మిది నలభైకి. తప్పు.
మళ్లీ. తప్పు. మళ్లీ. మళ్లీ.
నాలుగు.
ఐదోది లేదు.
వెనక్కి వెళ్లి వెతికితే పదకొండు రాత్రులు,
అదే వేళకి, నాలుగేసి తప్పులు.
గీత ఎక్కడుందో గీసినవాడికి తెలుసు.

వాడికేం కావాలి?
వాళ్లమ్మ ఫోటో ఒకటుంది, రెండువేల పదిహేడు జులై ఫోల్డర్‌లో.
వానకి తడిసి వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ
"ఆగు బిడ్డా" అంటుండగానే వాడు నొక్కేశాడు.
నోరు తెరిచి ఉంటుంది. పనికిరాదని ఇంకోటి తీశాం.
రెండూ ఉన్నాయి.
ఇప్పుడు ఏది కావాల్సి వచ్చిందో, ఎందుకొచ్చిందో.

ఫోన్ చేశాను. ఒక్కసారి మోగి ఆగిపోయింది.
మళ్లీ చేశాను. ఒక్కసారి మోగి ఆగిపోయింది.
నా నంబరుకి వాడి గల్లీ కనపడదు.
గంటకే పెట్టాడో, జన్మకే పెట్టాడో.

ఇవాళ వాడి పేరుకి పాత పాస్‌వర్డే తిరిగి పెట్టాను,
మా మొదటి కెమెరా పేరు, చివర షట్టరు నంబరు.
టీ తెప్పించుకుని తెర ముందు కూర్చున్నాను.
తొమ్మిది ఇరవై. వాన మొదలైంది.
తొమ్మిది ముప్పై. రూట్, రూట్, అడ్మిన్.
తొమ్మిది ముప్పై ఆరుకి వారాసిగూడ మొత్తం చీకటి.
డబ్బా యూపీఎస్ మీద కుయ్యి కుయ్యిమంటూ బతికే ఉంది.
రౌటరే పోయింది.

ఫోన్ వెలుతురులో టైము చూస్తూ కూర్చున్నాను.
తొమ్మిది నలభై.
షట్టరు మీద వాన
లెక్కపెట్టకుండా కొడుతోంది.