గుడ్డ బరువు తీసేసి

బేగంబజార్ల పదకొండేండ్లు
ఇలాచి, షాజీర, మిర్యాలు పొట్లాలు కట్టిన.
యాభై గ్రాములంటే యాభై.
తరాజు ఎక్కకముందే
నా అరచెయ్యికి తెలుస్తది.

పిల్లగాన్ని అందుకున్నప్పుడు గూడ తెలిసింది,
సిస్టర్ సుగుణమణి అంకె చదవకముందే.
పదమూడు వందల నలభై.
ఎనిమిదో నెల ఇంక నిండనే లే.

సర్కారు దవాఖాన మూడో అంతస్తు, అద్దాల పెట్టె.
ఈ బరువుల ఒంటికి కొవ్వుండదంట, వేడి నిలవదంట.
ఊపిరి తీసుకునుడు నడుమ నడుమ మర్చిపోతడంట.
మర్వంగనే మిషన్ మొత్తుకుంటది,
సిస్టర్ అరికాలు మీద వేలుతోని గీకుతది,
అప్పుడు యాదికొస్తది వానికి.

ముక్కుల సన్న పైపు.
రెండు గంటలకోసారి మూడు మిల్లీల పాలు.
కుంకుమపువ్వు తూచేటప్పుడు ఫ్యాన్ బందు చేస్తం,
అట్ల ఊపిరి బిగవట్టి పిండుత.

పక్క మంచం షాహీనాది.
ఆమె కొడుకు నాలుగు కిలోల మూడు వందలు.
వచ్చినోళ్లంత పహిల్వాన్ అన్నరు,
నా దిక్కు జూసి గొంతు తగ్గించిండ్రు.
నిజం చెప్తున్న, కండ్లల్ల కారం గొట్టినట్టయింది.

రాత్రి రెండింటికి ఆ పహిల్వాన్ వణికిండు.
ఉరికి తెచ్చిండ్రు, మావోని పక్క పెట్టెలకే.
కడుపుతోని ఉన్నప్పుడు తల్లికి షుగర్ ఎక్కువుండె,
పుట్టినంక బిడ్డకు పడిపోయిందంట.
భుజం ఇరికి పుట్టిండు, కుడిచెయ్యి లేస్తలేదు.
ఇద్దరి మడిమలకు ఒకటే తీరు సూది.
షాహీనా ఫ్లాస్కుల చాయ్ ఇప్పుడు ఇద్దరికి.

మా అత్త అంటది:
"నీ మొగణ్ణి ఎవలు తూచిండ్రే?
చేటల పండవెట్టిన, బతకలేదా?"
బతికిండు.
ఆయనకు ముందటి ఇద్దరి ముచ్చట
ఆమె ఎన్నడు తియ్యది.

మూడోనాడు పన్నెండు వందల అరవై.
ఎనభై గ్రాములు యాడికి వోయినయ్?
"నీళ్లు. మొదట్ల అందరు తగ్గుతరు" అన్నది సిస్టర్.

మా సేటు కవరు బరువు గూడ సరుకుల కలుపుతడు.
ఈమె టోపీ తీసి, సాక్సులు తీసి,
గుడ్డ బరువు తీసేసి తూస్తది.
"ఇయ్యాల ఒక్కనాడు టోపీ ఉంచరాదమ్మా" అన్న.
నవ్వలే. ఉంచలే.

పదకొండోనాడు పదమూడు వందల యాభై ఆరు.
పోయిందంత వచ్చి, మీద పదహారు.
పదహారు గ్రాములంటే
ఎనభై ఇలాచీలు.

చీర లోపల, రొమ్ము మీద
కప్పపిల్ల లెక్క అతుక్కొని పండుకున్నడు.
కిటికీ అవతల అఫ్జల్‌గంజ్ బస్సుల హారన్లు.
సేటు ఫోన్ చేసిండు, "పనికి ఎప్పుడొస్తవ్?"

తారీఖు తెల్వది సేటు.
పద్దెనిమిది వందలైతే పంపుతమన్నరు.