నానని గింజ

నిషియోలో వాన మొదలై తొమ్మిది రోజులు.
కిటికీ కింద సైకిళ్ల షెడ్డు రేకు
పొద్దుటి నుంచీ ఒకటే మాట మీద ఉంది.
మూడింటికి వస్తానన్నావు కినుయో,
రెండేళ్ల తర్వాత,
అప్పుడు మర్చిపోయిన గొడుగు కోసమట.

మూకుడు పొయ్యి మీద పెట్టాను.
నల్ల నువ్వులు మూడు చెంచాలు, సన్నసెగ.
వాసన చూసి దించమంటారు అందరూ.
నేనిప్పుడు చెవితో వేయిస్తాను.
మొదటి గింజ చిటపటమంటే ఊరుకుంటాను,
రెండోది ఎగిరితే మూకుడు ఊపుతాను,
మూడోది మణికట్టుకి తగిలితే ఆర్పేస్తాను.
ఇవాళ ఈ రేకు చప్పుడులో
మూడోదో ఐదోదో,
లెక్క తప్పింది.

ముప్పై ఒక్క ఏళ్లు
తేయాకు మిల్లులో నా ముక్కుకి జీతమిచ్చారు.
ఏ తోట ఆకు, ఎన్నాళ్లు నీడన పెరిగింది,
డబ్బా మూత సగం తీస్తే చెప్పేదాన్ని.
ఒక చలికాలం జలుబు చేసి
పోతూ పోతూ వాసనలన్నీ మూటగట్టుకుపోయింది.
రంగు చూసి, వేళ్ల మధ్య నలిపి
ఏడు నెలలు నెట్టుకొచ్చాను.
నీకు మాత్రం చెప్పాను.

నీ నోట్లో నువ్వుగింజ నానదని
అమ్మ ఎప్పుడో అంది.
శనివారం చెబితే ఆదివారం స్నానశాలలో
మేనేజరు భార్య వీపు రుద్దుతూ చెప్పేశావు.
సోమవారానికి నేను ప్యాకింగులో ఉన్నాను,
అట్టపెట్టెలకి టేపు అంటిస్తూ.

సరే.
గాడుల మట్టిరోట్లో పోసి నూరుతున్నాను.
మొదట పొడి, తర్వాత తడి ఇసుక,
ఆ తర్వాత దానంతటదే నూనె కక్కుతుంది.
తొందరపడితే గింజ గాడిలో దాక్కుంటుంది.
మిల్లులో రాతి తిరగలి గంటకి నలభై గ్రాములే ఇచ్చేది,
ఇంకొక్క గ్రాము అడిగితే
రాయి వేడెక్కి పొడి రంగు మారేది.
కోపాన్నీ అంతే మెల్లగా విసిరాను.
రెండేళ్లకి ఎంత పిండి రాలిందో చూడు,
ఒక చెంచాడు.

తేనె. చిటికెడు ఉప్పు.
గాజు గ్లాసు అడుగున నలుపు,
దాని మీద, మూత బిగించిన సీసాలో
చెయ్యి నొప్పెట్టేదాకా గిలక్కొట్టిన వెచ్చటి పాలు.
మచ్చా జల్లించి, మరిగి ఆరిన నీళ్లు రెండు గుక్కలు పోసి
వెదురు కవ్వంతో నురగ తీసి
పై నుంచి జార్చాను, పచ్చగా.
నేను పరీక్షించి పంపిన పొడిలో
పాలు పోస్తానని అప్పట్లో ఎవరన్నా అంటే
కవ్వంతోనే కొట్టేదాన్ని.
ఇప్పుడు పాలు తెలుస్తాయి, మెత్తగా.
నువ్వులు తెలుస్తాయి, గరగరమంటూ.
ముక్కు లేనివాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

వచ్చావు.
చెప్పులు బయటికి తిప్పి పెట్టావు, పరాయింటికొచ్చినట్టు.
గ్లాసులో మూడు రంగులు చూసి
"మా స్టేషను దగ్గర దీనికి ఏడొందల యెన్లు" అన్నావు.
అడిగాను:
మాడిందా?
నువ్వు నువ్వుల వైపు చూశావు.
గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకుని ఆగావు.
ఆ ఆగడం, కినుయో, వానలోనూ వినబడింది.
"లేదక్కా. కమ్మగా ఉంది."
అడుగు దాకా తాగావు.
పళ్ల మీద నల్లటి పూత,
పెళ్లయిన ఆడవాళ్లు పళ్లకి రంగేసుకునే కాలంలోని
ముత్తవ్వలాగా.

నా గ్లాసు నేను తాగాను.
ముక్కు పోతే పోయింది, నాలుక ఉంది.
మచ్చా చేదు కాసేపటికి తీపిలోకి దిగుతుంది.
మాడిన నువ్వుల చేదు దిగదు,
గొంతులో పీట వేసుకుని కూర్చుంటుంది.
కూర్చుంది.

నువ్వింకా చెబుతూనే ఉన్నావు,
ఎవరి కుక్క ఎవర్ని కరిచిందో,
పళ్ల డాక్టరు రెండో కాపురం ఏ ఊళ్లోనో,
అన్నీ, అన్నీ,
ఆ ఒక్కటి తప్ప.

వచ్చిన గొడుగు వేసుకుని
పాత గొడుగు మళ్లీ వదిలేసి వెళ్లావు.
రోటి గాడుల్లో చిక్కిన నలుపుని
అరిగిన పళ్ల బ్రష్షుతో తోముతున్నాను.