లెక్కలో లేని దెబ్బ

నా పని గుద్దడం కాదు, గంట కొట్టడం.
ముప్పై ఒక్క ఏళ్ళు, అక్రాలో, బుకోమ్ పేటలో,
ఉప్పుగాలి తినేసిన ఆ రేకుల కప్పు కింద
కాలాన్ని మూడేసి నిమిషాల ముక్కలుగా కోశాను.
చేపలు కోసే మా అక్క కోర్కోయి అడిగేది,
"నీ ముక్కలు గంపెంతరా?" అని.

పడిపోవడాలు చాలా చూశాను.
ఏ ఇద్దరూ ఒకేలా పడరు.
ఒకడు తాళ్ళ మీద ఆరేసిన చొక్కాలా వేలాడాడు.
ఒకడు మోకాళ్ళ మీద కూచుని
ఊడిన పన్ను వెతుక్కుంటూ
పది దాటిపోయిందని చూసుకోనేలేదు.
దొరికాక పైకెత్తి చూపించాడు,
గెలిచినవాడికంటే వాడికే ఈలలు ఎక్కువ.
ఒసు నుంచి వచ్చిన ఎడమచేతివాటం కుర్రాడొకడు
గురి తప్పి, తన ఊపుకి తనే గిర్రున తిరిగి,
తాళ్ళ సందులోంచి జారి
ముందు వరసలో మేనత్త ఒళ్ళో పడ్డాడు.
ఆవిడ లేవనివ్వలేదు.
"ఇక చాలు" అంది.
అంతకంటే పెద్ద రూలు రిఫరీకి గుర్తు రాలేదు.

ఇవి నవ్వుకోడానికి.
నిద్ర పట్టనప్పుడు వచ్చేది మాత్రం
ఒడార్టే, సోవా తలపడ్డ రాత్రి.

ఒడార్టే వలలు అల్లేవాడు.
సోవా తేషీలో శవపేటికలు చెక్కేవాడు,
జాలరికి చేప ఆకారంలో, రైతుకి కోకో కాయ ఆకారంలో,
బతుకంతా డ్రైవరైన ముసలాయనకి
అద్దాలతో సహా లారీ.
"నీకేం చెక్కమంటావ్?" అని
బరువు తూచే చోటే ఎగతాళి చేశాడు.

ఏడో రౌండు చివర్లో కరెంటు పోయింది.

చీకటి కాదది, తారు.
అందులో బూట్ల రాపిడి, ఎవరిదో ఊపిరి,
దూరంగా ఐస్ అమ్మే సైకిలు,
తర్వాత ఒక్క చప్పుడు,
ఎండు కొబ్బరికాయ పడవ అంచుకి తగిలినట్టు.
ఆపైన ఒక మనిషి బరువంతా నేల మీద.

ఎవరి మీద లెక్కిస్తున్నాడో తెలియకుండానే
రిఫరీ మొదలుపెట్టాడు,
ఎకోమే, ఎన్యో, ఎటే...
నా సుత్తి బల్ల మీద వెంట నడిచింది.
పది అయ్యాక
కెంకీ అమ్మేవాళ్ళ లాంతర్లు వచ్చాయి.
ఒడార్టే వెల్లకిలా.
సోవా అవతలి మూల, చేతులు కిందికి వేసి.
"నేను కొట్టలేదు" అన్నాడు.
అప్పటికే వాణ్ణి భుజాల మీదికి ఎత్తేశారు.

తెల్లారేసరికి ఊళ్ళో సాక్షులు వెయ్యిమంది.
ఎడమ హుక్కని కొందరు, కాదు కుడి అని కొందరు,
గ్లౌజు మీద దీపం మెరిసిందని ఒకడు ఒట్టు.
వెలుతురులో చూసినవాళ్ళకంటే
చీకట్లో చూసినవాళ్ళే ఎక్కువ మా ఊళ్ళో.
ఒడార్టే నుదుటి మీద వాపు మాత్రం
సన్నగా, నిటారుగా ఉంది,
మూల కర్ర అంచులా.
ఎవరూ అడగలేదు.
నా గడియారాన్నీ ఎవరూ అడగలేదు.
లాంతరు వెలుగులో దాన్ని ఆపినప్పుడు
మూడు నిమిషాల యాభై ఒక్క సెకన్లు.
పది లెక్క తీసేసినా
పడిపోయేసరికే రౌండు అయిపోయింది.
కొట్టాల్సిన గంట నా చేతిలోనే ఉండిపోయింది.
జేబులో వేసుకుని ఇంటికెళ్ళాను.

ఒడార్టే మళ్ళీ రింగెక్కలేదు.
పోయినేడు జ్వరంతో పోయాడు.
తన పెట్టె ముందే చెప్పి చేయించుకున్నాడట సోవా దగ్గరే:
తెల్లటి బల్బు,
ఇత్తడి మూతి, లోపల తీగతో సహా.
"ఈసారి ఆరిపోకుండా చూడు" అన్నాడట.

చూడ్డానికి తేషీ వెళ్ళాను.
సోవా గరుకు కాగితంతో గాజు వంపు రుద్దుతున్నాడు,
గాజు కాదులే, వవ కర్ర.
తల ఎత్తకుండా అడిగాడు,
"ఆ రాత్రి చీకట్లో గంట కొట్టావు కదూ?
నాకు వినబడింది. అందుకే చేతులు దించి
నా మూలకి నడిచాను."

పొట్టు గాల్లో తేలుతోంది.
వీధిలో ఐస్ అమ్మేవాడు పోతున్నాడు.
కొట్టానన్నాను.