మూడు వారాల నీడ

బెంగళూరు నుంచి మొక్కల లోడుకొచ్చినాయన
లెక్క తేలాక, చిల్లర బదులన్నట్టు
చిన్న రేకు డబ్బా ఒకటి నా బల్లమీద పెట్టాడు.
"మాచా అండీ. షుగరుకి మంచిది, బీపీకి మంచిది,
మనసుక్కూడా" అన్నాడు లారీ ఎక్కుతూ.
ఇన్నిటికి మంచిదైనది
ఇంత డబ్బాలో ఎలా పట్టిందో!

మూత తీస్తే
ఊడ్చిన నెల్లాళ్ల వరిచేను
ఎవరో దంచి, జల్లించి దాచినట్టు.
వాసన మాత్రం
అప్పుడే కోసిన పిల్లిపెసర,
అడుగున ఎక్కడో కొంచెం చేపలరేవు.

అంటుకట్లు కట్టే వీరవేణి
డబ్బా తిప్పి బొమ్మ చూసింది.
కొండవాలున వరసగా పొదలు,
పొదలమీద నల్లటి పరదా.
"ఇదేటండీ, మన షేడునెట్టే కదా!"

ఫోనులో వెతికి పైకి చదివాను.
కోతకి మూడు వారాల ముందు
జపానులో తేయాకుమీద నీడ కప్పుతారట.
వెనకటికైతే రెల్లు తడికలు, పైన వరిగడ్డి.
వెలుగు తగ్గేకొద్దీ ఆకు
దొరికిన చుక్కనైనా పట్టుకుందామని
పచ్చదనం పెంచుకుంటుందట.

"దానికి చదవాలేటండీ?
కడియపులంకలో ఏ పిల్లనడిగినా చెప్పుద్ది.
ఎండలో క్రోటను ఎర్రబడుద్ది,
నీడన పెడితే పచ్చబడుద్ది."

ఈనెలు తీసేసిన ఆకుని తిరగట్లో వేస్తారట.
గంట తిప్పినా గుప్పెడు రాదు.
తొందరపడితే రాయి వేడెక్కి రంగు చస్తుంది.
"మా అమ్మమ్మా అనేది మినుములు విసురుతూ,
రాయికి కోపం తెప్పించకే అని."

ఎనిమిది వందల ఏళ్ల నాడు
చైనా వెళ్లిన సన్యాసులు తెచ్చుకున్న అలవాటట,
ధ్యానంలో కునుకు రాకుండా.
తర్వాత చైనావాళ్లే ఆ పొడి సంగతి మరిచి
ఆకు నానబెట్టుకోవడంలో పడ్డారు.
పుట్టింట్లో మరిచిన వంట
మెట్టినింట్లో బతికినట్టు.

నీళ్లు కాచి కాస్త ఆరనిచ్చాను.
చిలకడానికి వెదురు కవ్వం కావాలట, నూరు పాయలది.
వీరవేణి మొక్కకి కట్టే ఊతకర్ర ముక్క తీసి
అంటుకత్తితో సన్నగా చీల్చింది.
ఇరవై పాయలొచ్చాయి.
అంటుకట్టే ప్లాస్టిక్ నాడాతోనే మొదలు బిగించింది.
గ్లాసులో నురగొచ్చింది,
వరదనీటి పాయ అంచున తేలే నురగలాంటిది, పచ్చగా.

చేదు. చేదు వెనక ఒక తీపి
వస్తానని కబురంపి రానట్టు.
నా షుగరు నూట ఎనభై.
చదివిందాంట్లో ప్రతి వాక్యం చివరా "కావచ్చు".
ఆకు మొత్తం మింగుతాం గనక సారం ఎక్కువ కావచ్చు,
గుండెకి మేలు కావచ్చు,
ఉలికిపాటు లేని మెలకువ కావచ్చు.
పంచదార లేకుండా తాగడమే
దీని మొదటి మంచి, నాకు తెలిసి.
లాకుల దగ్గర ఏసుపాదం టీలో
చెంచాలు లెక్కపెట్టుకున్నవాణ్ని.

కింద ఇంకో మాట కనబడింది.
రక్తం తక్కువున్నవాళ్లు, ఐరన్ బిళ్లలు మింగేవాళ్లు
ఆ పూట దీన్ని దూరం పెట్టాలట.
వీరవేణి గ్లాసు దించేసింది.
"ఆశా అమ్మాయి ఇచ్చిన బిళ్ల
పొద్దున్నే వేసుకున్నానండీ."
డబ్బా అడుగున ధర చూసింది.
పది రోజుల కూలి.
ఏమీ అనలేదు. కవ్వం కడిగి
కిటికీ చువ్వకి ఆనించి వెళ్లింది.

మాచా గుణమో, మధ్యాహ్నం గుణమో,
ఆ పూట కునుకు రాలేదు.
ముప్పై ఏళ్లుగా చూస్తున్న కిటికీలోంచే చూశాను.
మొలకలకి నెట్టు, గులాబీలకి నెట్టు,
ఆర్కిడ్లకి రెండు వరసల నెట్టు.
లారీ దగ్గర తట్టలెత్తే ఆడవాళ్లమీద
ఒట్టి ఆకాశం.

కావలసినవి రాసే పుస్తకంలో
వేపపిండికీ కొబ్బరిపొట్టుకీ మధ్య రాశాను:
షేడునెట్టు, రెండు చుట్టలు, లోడింగు దగ్గరికి.

వారమైంది.
ఓనరుగారి సంతకం ఇంకా పడలేదు.
రోజూ మూడింటికి
అర చెంచా పొడి, ఆరిన నీళ్లు, ఇరవై పాయల కవ్వం.
పుస్తకం ఆ పేజీలోనే తెరిచి ఉంచుతున్నాను.